ఎవరికి, ఎంత, దేనితో పోల్చి: ఫోలిక్ యాసిడ్ చరిత్ర ఆధారంగా విటమిన్ పరిశోధనల పరిశీలన

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1922లో బోస్టన్ చేరిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో వెలికితీసిన కృషిలోనూ భాగస్వాములయ్యారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారి, అక్కడి బృందానికి నాయకత్వం వహించి 1945 నాటికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేయించారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు. సుబ్బారావును ఆయన కనిపెట్టిన మందుల జాబితాతో స్మరించుకోవడం రివాజు. అయితే ఆయన తొలి ఖ్యాతి మందు వల్ల వచ్చింది కాదు, కొలత వల్ల వచ్చింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని జీవరసాయన పాఠ్యపుస్తకాలు నేటికీ ఆ పేరుతోనే బోధిస్తున్నాయి. కొలవడం ఎంత కష్టమో తెలిసిన శాస్త్రవేత్త పేరిట జరిగే సభలో, విటమిన్ మాత్రల మేలునూ కీడునూ పరిశోధకులు ఎలా కొలిచారన్నది చర్చించడం ఆయనకు తగిన నివాళి అవుతుంది.

విటమిన్ మాత్రలు మంచివా, కావా అని పత్రికలూ టీవీలూ నిత్యం అడుగుతుంటాయి. ఒక వారం మంచివనీ, మరో వారం దండగనీ జవాబులు వస్తుంటాయి. ఆ జవాబులు తారుమారవుతున్నది శాస్త్రానికి నిలకడ లేక కాదనీ, అడిగిన ప్రశ్న సగమే కావడం వల్లననీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తున్నది. మాత్ర వేసుకునే వ్యక్తి శరీరంలో ఆ విటమిన్ అప్పటికే ఎంత ఉన్నది, ఇచ్చిన మోతాదు ఎంత, పోల్చింది ఎవరితో, చివరకు కొలిచింది దేనిని అన్న వివరాలు చేరిన తరువాతే అది ప్రశ్న అవుతుంది. దీనిని నిరూపించడానికి పదమూడు విటమిన్లూ అక్కరలేదు. సుబ్బారావు బృందం తయారు చేసిన ఒక్కటి చాలును.

1. లోపం ఉన్నచోట

1928లో బొంబాయి వచ్చిన ఇంగ్లీషు వైద్యురాలు లూసీ విల్స్, అక్కడి గర్భిణులలో, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో, ఎర్ర రక్తకణాలు తగ్గిపోయి, ఉన్నవి అసాధారణంగా పెద్దవిగా మారే ఒక తీవ్రమైన రక్తహీనతను గమనించారు. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపించగా అది నయమవుతున్నదని ఆమె 1931లో ప్రకటించారు. ఆ పరిశోధనలో కొంత భాగం కూనూరులోని పోషకాహార పరిశోధన విభాగంలో సాగింది. ఆ విభాగమే 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఈస్టులోని ఆ గుణకారి పదార్థాన్ని పాలకూర ఆకుల నుంచి 1941లో టెక్సస్ పరిశోధకులు వేరుచేయడం, నాలుగేళ్ల తరువాత లెడర్లీలో దానిని తయారు చేయగలగడం తరువాతి కథ.

విల్స్ గమనించిన మేలు గణాంకశాస్త్రం అక్కరలేనంత స్పష్టమైనది. లోపం తీవ్రంగా ఉన్నప్పుడు లోపించినదానిని అందిస్తే రక్తం కొద్ది రోజుల్లోనే తిరిగి పుంజుకుంటుంది, మైక్రోస్కోపులో ఆ మార్పు కంటికి కనిపిస్తుంది. విటమిన్లకు ప్రజల మనసులో ఉన్న గౌరవమంతా ఇటువంటి విజయాల నుంచి వచ్చినదే: బెరిబెరి, స్కర్వీ, రికెట్స్, రేచీకటి. చిక్కు ఆ తరువాత మొదలైంది. లోపం ఉన్నవారికి ప్రాణం పోసినది, లోపం లేనివారికి మరింత బలం ఇస్తుందన్న ఊహ ఏ పరీక్షా లేకుండానే ఆ విజయాల వెంట నడిచివచ్చింది.

కంటికి కనిపించే మేలు కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. సుబ్బారావు యౌవనంలో ఆయన కుటుంబాన్ని స్ప్రూ అనే వ్యాధి, అంటే పేగులు పోషకాలను గ్రహించలేక మనిషిని దీర్ఘ విరేచనాలతో శుష్కింపజేసే జబ్బు, కుంగదీసిందనీ, తానూ దాని పాలబడి ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారనీ జీవితచరిత్రకారులు రాశారు. మరికొన్ని దశాబ్దాలకు అదే వ్యాధికి ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుందని తేలింది. ఒక యువకుడు కోలుకోవడానికి ఔషధం కారణమా, పథ్యం కారణమా, కాలం కారణమా అన్నది ఆ ఒక్క సంఘటనను ఎంత పరిశీలించినా తేలదు; ఆ ఔషధం తీసుకోని అటువంటి మరో యువకుడి కథ పక్కన లేకపోవడమే అందుకు కారణం. ఈ లోటును పూరించేదే రెండవ దశ.

2. పోలిక

గర్భం దాల్చిన తొలి నాలుగు వారాల్లో పిండం వీపు మీద నాడీనాళం మూసుకుంటుంది. మెదడూ వెన్నుపామూ ఏర్పడేది దాని నుంచే. అది పూర్తిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నెముక తెరుచుకుని గానీ, మెదడు ఏర్పడకుండా గానీ పుడుతుంది. తల్లికి ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ రకపు విటమిన్, చాలకపోవడం దీనికి ఒక కారణమని అనుమానించిన బ్రిటిష్ వైద్యుడు స్మిథెల్స్, అప్పటికే అటువంటి బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ కలిసిన విటమిన్లు ఇచ్చి, మళ్లీ అదే లోపం రావడం బాగా తగ్గిందని 1980లో ప్రకటించారు. ప్లసీబోతో, అంటే చూడటానికి అలాగే ఉండి లోపల మందు లేని మాత్రతో, పోల్చే పరీక్ష చేయాలన్నది ఆయన తొలి ఉద్దేశం. నైతిక సంఘాలు అందుకు ఒప్పుకోలేదు. దానితో మాత్రలు వేసుకున్న తల్లులను వేసుకోని తల్లులతో పోల్చవలసి వచ్చింది.

విమర్శకులు వెంటనే ఆ సందును పట్టుకున్నారు. గర్భానికి ముందే వైద్యుడి దగ్గరకు వచ్చి, రోజూ మాత్ర వేసుకోవడానికి సిద్ధపడే స్త్రీ చదువులోనూ, ఆదాయంలోనూ, తిండిలోనూ మిగిలినవారికంటే వేరుగా ఉండవచ్చు. తేడా మాత్రది కాక మనిషిది కావచ్చు. విటమిన్లు వాడే వారిని ఏళ్ల తరబడి గమనించి రాసే అధ్యయనాలన్నింటికీ ఈ బలహీనత ఉంటుంది. విటమిన్ ఇ వాడేవారికి గుండె జబ్బులు తక్కువని 1993లో అమెరికా నర్సుల అధ్యయనం చెప్పగా, చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా ఇద్దరిలో ఒకరికి మాత్రనూ మరొకరికి ప్లసీబోనూ ఇచ్చిన 2000 నాటి పరీక్షలో ఆ మేలు కనబడలేదు.

నాడీనాళం విషయంలో మాత్రం యాదృచ్ఛిక పరీక్ష తొలి అనుమానాన్ని బలపరిచింది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1983లో మొదలుపెట్టిన ఆ పరీక్ష ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో, 1,817 మంది స్త్రీలతో జరిగింది. దాని రూపకల్పన ప్రత్యేకంగా గమనించదగినది: స్త్రీలను నాలుగు జట్లుగా విడదీసి ఒక జట్టుకు ఫోలిక్ యాసిడ్, ఒక జట్టుకు ఇతర విటమిన్లు, ఒక జట్టుకు రెండూ ఇచ్చి, నాలుగో జట్టుకు ఆ రెండూ లేని మాత్ర ఇచ్చారు. అందువల్ల పని చేసింది ఏదన్నది కూడా విడిగా తేలింది. ఫలితం తెలిసిన గర్భాలలో ఫోలిక్ యాసిడ్ పొందిన 593 మందిలో ఆరుగురికి, పొందని 602 మందిలో 21 మందికి లోపం ఉన్న బిడ్డ కలిగింది; ఇతర విటమిన్లతో చెప్పుకోదగిన తేడా రాలేదు. మేలు ఇంత స్పష్టమయ్యాక కొందరికి దానిని అందకుండా ఉంచడం తగదని 1991లో పరీక్షను ముందుగానే ఆపివేశారు. ఒకప్పుడు పోల్చడమే అనైతికమన్నారు. పోల్చినందువల్లనే తరువాతి తరాల గర్భిణులకు నమ్మదగిన సలహా దక్కింది.

3. శాతాల వెనుక సంఖ్యలు

ఈ ఫలితాన్ని 72 శాతం తగ్గుదల అని రాస్తారు. ఆ మాట నిజమే. అయితే సభలోని విద్యార్థులు ఒక్క నిమిషం కాగితం తీసుకుని లెక్క వేస్తే మరో నిజం కనిపిస్తుంది. మాత్ర లేనివారిలో నూటికి 3.5 మందికి వచ్చిన లోపం మాత్ర ఉన్నవారిలో ఒకరికి వచ్చింది. అంటే సుమారు 40 మంది స్త్రీలు మాత్ర వేసుకుంటే ఒక బిడ్డకు లోపం తప్పింది. వీరంతా అప్పటికే అటువంటి బిడ్డను కన్నవారనీ, ముప్పు మామూలు స్త్రీలకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నవారనీ, వారికి ఇచ్చినది 4 మిల్లీగ్రాముల పెద్ద మోతాదనీ మరిచిపోతే, ఆ శాతాన్ని చూసి అందరికీ అదే మేలు జరుగుతుందనుకునే ప్రమాదం ఉన్నది.

చైనాలో రోజుకు 400 మైక్రోగ్రాములు, అంటే పై మోతాదులో పదో వంతు, ఇచ్చి జరిపిన విస్తృత ప్రజారోగ్య కార్యక్రమం ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఈ లోపం ఎక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతంలో వెయ్యి గర్భాలకు 4.8గా ఉన్నది, మాత్రలు సక్రమంగా వాడినవారిలో 1.0కి పడిపోయింది; మొదటి నుంచీ తక్కువగా ఉన్న దక్షిణ ప్రాంతంలో 1.0 నుంచి 0.6కి మాత్రమే తగ్గింది. ఒకే దేశం, ఒకే మాత్ర, ఒకే మోతాదు. ఉత్తరాన వెయ్యికి దాదాపు నలుగురు బిడ్డలకు మేలు జరిగితే, దక్షిణాన వెయ్యికి ఒకరికి కూడా పూర్తిగా జరగలేదు. రెండు చోట్లా ఫలితం ఇంచుమించు ఒకే అడుగుకు చేరింది. తేడా ఉన్నది ఎంత ఎత్తు నుంచి దిగారన్నదాంట్లోనే. ఈ ఉపన్యాసం చెప్పదలచినదంతా ఆ రెండు ప్రాంతాల అంకెలలో ఉన్నదన్నా తప్పు లేదు.

మేలుకు మోతాదుతో పాటు సమయమూ ముఖ్యమే. నాడీనాళం మూసుకునే వేళకు చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. మన ఆరోగ్య ఉపకేంద్రాల్లో గర్భిణులకు నాలుగో నెల నుంచి పంచే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమూ, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది రక్తహీనతకు ఉద్దేశించినది, నాడీనాళ లోపాలను ఆపే గడువు దాటిన తరువాత వచ్చేది. ఆ మాత్ర పనిచేస్తుందా అని అడిగితే, దేనికి అని తిరిగి అడగవలసి ఉంటుంది.

4. కొలిచినది ఏమిటి

హోమోసిస్టీన్ అనే పదార్థం రక్తంలో ఎక్కువైనవారికి గుండె జబ్బులు ఎక్కువని అనేక అధ్యయనాలు చూపాయి. ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ పదార్థం తగ్గుతుందన్నదీ నిజం. ఈ రెండింటిని కలిపి ఫోలిక్ యాసిడ్ గుండెను కాపాడుతుందని చెప్పుకోవడం తర్కానికి ఎంతో నునుపుగా కనిపిస్తుంది. 2006లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలు, 5,522 మందితో జరిపిన హోప్–2, గుండెపోటు వచ్చిన 3,749 మందితో నార్వేలో జరిపిన నార్విట్, ఆ నునుపును చెరిపేశాయి. రెండింటిలోనూ హోమోసిస్టీన్ తగ్గింది, గుండె జబ్బుల మొత్తం భారం తగ్గలేదు. రోగి అనుభవించే ఫలితానికి బదులుగా రక్తపరీక్షలో సులువుగా దొరికే అంకెను కొలవడాన్ని ప్రత్యామ్నాయ సూచిక అంటారు. విటమిన్ సీసాల ప్రకటనల్లో ఎక్కువ భాగం ఇటువంటి సూచికల మీదే నిలబడి ఉంటాయి.

కథ అక్కడితో ముగియలేదు. తిండిలో ఫోలిక్ యాసిడ్ కలపని చైనాలో, రక్తపోటు ఉన్న 20,702 మందితో జరిపిన పరీక్ష ఫలితం 2015లో వెలువడింది. రక్తపోటు మాత్ర ఒక్కటే వేసుకున్నవారిలో నూటికి 3.4 మందికి పక్షవాతం రాగా, దానికి ఫోలిక్ యాసిడ్ జోడించినవారిలో 2.7 మందికి వచ్చింది. అమెరికాలో 1998 నుంచి పిండిలో ఫోలిక్ యాసిడ్‌ను తప్పనిసరిగా కలుపుతున్నారు. అటువంటి చోట అదనపు మాత్రకు చేయడానికి పెద్ద పని మిగలదు. చైనా పరీక్ష పాశ్చాత్య పరీక్షలను కాదన్నట్లు పైకి కనిపించినా, నిజానికి అవి వేరు వేరు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.

ఒక్కసారి ఫోలిక్ యాసిడ్‌ను పక్కన పెడితే, ఇదే పాఠం మన ఇంటి ముంగిట కూడా దొరుకుతుంది. విటమిన్ ఎ ఇస్తే పసిపిల్లల మరణాలు తగ్గుతాయా అన్నదాని మీద 1990లో దక్షిణ భారతం నుంచే రెండు పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. తమిళనాడులో వారం వారం చిన్న మోతాదు ఇచ్చినప్పుడు మరణాలు సగానికి పైగా తగ్గాయి. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాదు పరిసరాల్లో ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదు ఇచ్చినప్పుడు రెండు జట్ల మధ్య తేడా రాలేదు. ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అని తీర్పు చెప్పడం తొందరపాటు. మోతాదు వేరు, అందించిన తీరు వేరు, ప్లసీబో పొందిన పిల్లలకు అందిన వైద్యమూ వేరై ఉండవచ్చు. పత్రికలు మాత్రం ఇటువంటి జంటను చూసినప్పుడు శాస్త్రవేత్తలు కొట్టుకుంటున్నారని రాస్తాయి.

5. హాని

నీటిలో కరిగే విటమిన్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది, కాబట్టి ప్రమాదం లేదన్న మాట మందుల దుకాణంలోనూ, ఒక్కోసారి ఆసుపత్రిలోనూ వినిపిస్తుంది. ఫోలిక్ యాసిడ్ నీటిలో కరిగేదే. అది మార్కెట్లోకి వచ్చిన కొద్ది కాలానికే, బి12 లోపం వల్ల వచ్చే ప్రమాదకర రక్తహీనతకు కూడా దానిని వాడి చూశారు. రక్తం చక్కగా మెరుగుపడింది. రోగుల కాళ్ల తిమ్మిర్లూ, నడక తడబాటూ మాత్రం ముదిరాయి. రక్తకణాల తయారీలో బి12 చేయవలసిన పనిని అధిక ఫోలిక్ యాసిడ్ కొంతవరకు నెట్టుకురాగలదు, నరాలను కాపాడే పనిని చేయలేదు. రక్తహీనత అనే హెచ్చరిక మాయమై, లోపల వెన్నుపాము దెబ్బతినడం సాగిపోతుంది. బి12ను 1948లో వేరుచేసేదాకా ఈ చిక్కుముడి విడలేదు. అమెరికా నిపుణులు 1998లో కృత్రిమ ఫోలిక్ యాసిడ్‌కు పెద్దల విషయంలో రోజుకు ఒక మిల్లీగ్రాము గరిష్ఠ పరిమితిని నిర్ణయించింది ఈ కారణంగానే. మన దుకాణాల్లో మామూలుగా దొరికే ఫోలిక్ యాసిడ్ మాత్ర 5 మిల్లీగ్రాములది. వైద్యుడు ఒక నిర్దిష్ట అవసరానికి రాసినప్పుడు అది సరైన మోతాదే, బలానికని సొంతంగా ఏడాది పొడవునా మింగేవారికి కాదు. మాంసాహారం ముట్టని ఇళ్లలో బి12 లోపం సర్వసాధారణమైన దేశంలో ఈ తేడాను గట్టిగా చెప్పవలసి ఉన్నది.

రెండవ ఉదాహరణ టాంజానియాకు చెందిన పెంబా దీవిది. మలేరియా విపరీతంగా ఉన్న ఆ దీవిలో చిన్నపిల్లలకు రోజూ ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఇచ్చినప్పుడు ఆసుపత్రి పాలయ్యేంత తీవ్ర అనారోగ్యమో, మరణమో కలిగే ముప్పు 12 శాతం పెరిగిందని 2006లో ప్రకటించారు. వాటిని ఇస్తున్న జట్లను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. అదే దీవిలో, ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నట్లు ముందే గుర్తించిన పిల్లలకు మేలే జరిగింది. రెండు పదార్థాలూ కలిపి ఇచ్చినందున ఈ హానిని ఒక్క ఫోలిక్ యాసిడ్ ఖాతాలో వేయడానికి వీలులేదు. అయినా రక్తం చూడకుండా అందరికీ పంచడానికీ, చూసి లోపం ఉన్నవారికి ఇవ్వడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ ఫలితం చూపింది.

మూడవ ఉదాహరణ సుబ్బారావు జీవితంలోనిదే, ఈ సభకు అత్యంత ఆప్తమైనది. రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి నెమ్మదించకపోగా మరింత వేగం పుంజుకున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. వేగంగా విభజన చెందే కణాలకు ఫోలేట్ అవసరం; రక్తహీనత రోగిలో అది వరం, క్యాన్సర్ రోగిలో శాపం. అటువంటి సందర్భంలో కావలసినది ఫోలేట్‌కు విరోధి. సుబ్బారావు బృందం తయారు చేసి పంపిన అమినోప్టెరిన్ అటువంటిదే. దానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా పది మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి వారానికొకసారి వాడేవారు, దాని దుష్ఫలితాలు తగ్గడానికి వేరొక రోజున ఫోలిక్ యాసిడ్ వేసుకుంటారు. విటమిన్‌నూ దాని విరోధినీ ఒకే చేత్తో రాసే ఆ మందుల చీటీ వెనుక ఉన్నది లెడర్లీ ప్రయోగశాలే.

ఫోలిక్ యాసిడ్ ఆరోగ్యవంతులలోనూ క్యాన్సర్‌ను పెంచుతుందేమోనన్న భయం ఇక్కడి నుంచే పుట్టింది. నార్వే రోగులపై 2009లో వెలువడిన ఒక విశ్లేషణ ఆ భయాన్ని పెంచింది. 13 పరీక్షలను, సుమారు 50 వేల మందిని కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణలో, ఆ పరీక్షలు సాగిన కాలంలో చెప్పుకోదగిన పెరుగుదల కనబడలేదు. భయాన్ని పతాక శీర్షిక చేసిన పత్రికలన్నీ ఉపశమనాన్ని కూడా అంతే పెద్ద అక్షరాలతో అచ్చువేయవు. హాని రుజువైన సందర్భాలు వేరే ఉన్నాయి: పొగతాగేవారికి బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశించి ఫిన్లండ్‌లో 29,133 మందితో పరీక్షించగా అది 18 శాతం పెరిగిందని 1994లో తేలింది, అమెరికాలో జరిగిన మరో పరీక్షా రెండేళ్ల తరువాత అదే చెప్పింది.

6. బియ్యం

ఈ చర్చ ఇప్పుడు మాత్రల సీసా దాటి అన్నం పళ్లెంలోకి వచ్చింది. చౌక దుకాణాల్లో పంచిన పోషక బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము, 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాముల బి12 ఉండాలన్నది ఆహార భద్రతా సంస్థ ప్రమాణం. మామూలు బియ్యంలో కలిసి వచ్చే ఆ పోషక గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యం అని ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ జనం ఏరి పారేసిన ఉదంతాలు ఉన్నాయి. ఆ అనుమానానికి ఆధారం లేదు. ఫోలిక్ యాసిడ్‌తో పాటు బి12నూ చేర్చడంలో 1940ల చేదు అనుభవం గుర్తున్న జాడ కనిపిస్తుంది. మేలు ఎంత అన్నది మాత్రం వేరే సంగతి: పోషక బియ్యంపై జరిగిన పరీక్షలను గుదిగుచ్చిన 2019 నాటి కాక్రేన్ సమీక్ష, రక్తహీనత ముప్పులో తేడా స్వల్పంగా ఉండవచ్చు, లేకపోనూవచ్చునని తేల్చింది. అందరికీ ఒకే మోతాదు పంచే కార్యక్రమంలో సగటు తేడా చిన్నదిగా కనిపించడం సహజమే. ఆ సగటు లోపల చైనా ఉత్తరం, దక్షిణం వంటి రెండు జనసమూహాలు దాగి ఉన్నాయా అన్నది విడదీసి చూస్తేనే తెలుస్తుంది.

విడదీసి చూడవలసిన తొలి చోటు మన ఏజెన్సీ ప్రాంతాలు. అక్కడి గిరిజనులలో సికిల్ సెల్ వ్యాధి ఉన్నది. ఇనుము కలిపిన ఆహారాన్ని ఆ రోగులు తినరాదన్న హెచ్చరిక సంచుల మీద ఉండాలన్న నియమాన్ని 2024లో తొలగించారు. ఎర్రకణాలు త్వరత్వరగా నశించి కొత్తవి పుట్టవలసిన ఆ రోగులకు ఇనుము విషయంలో జాగ్రత్త చెప్పే వైద్యులే ఫోలిక్ యాసిడ్ మాత్రను రోజూ వేసుకోమని రాస్తుంటారు. వారికి కావలసినదీ, వద్దన్నదీ రెండూ ఒకే గింజలో కలిసి ఇంటికి చేరాయి. ఆ గింజ వారి రక్తంలో ఏం చేస్తుందో కొలవాలంటే, పరీక్షను రూపొందించవలసినది పట్నంలోని సగటు వినియోగదారుడి కోసం కాదు, పాడేరులోనూ ఉట్నూరులోనూ రేషన్ తీసుకుంటున్న ఆ కుటుంబాల కోసం.